34 జీవుల్లో మిగిలినవి ఆరు: ఒక ఫాంటసీ సిరీస్ కేస్ స్టడీ

మొదటి పుస్తకం రెండో డ్రాఫ్ట్ అయ్యేసరికి నా ఎక్సెల్ షీట్‌లో 34 జీవులున్నాయి. పేరు, ఏ దేశం, రూపం, శక్తి, బలహీనత అని ఒక్కోదానికి ఐదు గడులు. గ్రీకుల గ్రిఫిన్ నుంచి మలయా వాళ్ల పెనంగలన్ దాకా ఏడాదిన్నర పాటు చదివి పోగేసినవి. కథ ముందుకు కదలని రోజుల్లో ఆ షీట్ తెరిచి చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

డ్రాఫ్ట్‌ను నలుగురికి పంపాను. వాళ్లలో ఒకావిడ వృత్తిరీత్యా ఎడిటర్. చదవడం అయ్యాక ఫోన్ చేశారు.

"గురువుగారూ, ఇది నవలా, జూ పార్కా? ఒక్కో బోను దగ్గర రెండు నిమిషాలు నిలబడి, బోర్డు చదువుకుని, పక్క బోనుకు పోతున్నట్టుంది."

నొచ్చుకున్నాను. అయినా ఆవిడ చెప్పినట్టే మిగతా ముగ్గురికీ చిన్న పరీక్ష పెట్టాను. పుస్తకం తెరవకుండా, గుర్తున్న జీవుల్ని చెప్పమన్నాను. ఎవరూ నాలుగు దాటలేదు. 14 పేజీల యుద్ధంలో చెమటోడ్చి దింపిన మాంటికోర్ ఒక్కరికీ గుర్తులేదు. ఏడో అధ్యాయంలో రెండంటే రెండు పేజీలు కనిపించి మాయమయ్యే మాట్లాడే శవం మాత్రం అందరికీ గుర్తుంది. అది మన భేతాళుడికి నేను వేసిన నకలు.

ఆ తేడా ఎందుకొచ్చిందో అర్థం చేసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. అర్థమయ్యాక సిరీస్ మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. ఆ పని ఎలా జరిగిందో ఇక్కడ రాస్తున్నాను.

మాంటికోర్‌కు ఏం తక్కువైంది

చూడ్డానికి ఏమీ తక్కువ కాలేదు. మనిషి ముఖం, సింహం ఒళ్లు, తేలు కొండి లాంటి తోక. క్రీ.పూ. 5వ శతాబ్దంలో పారశీక ఆస్థానంలో వైద్యుడిగా ఉన్న క్టీసియస్ అనే గ్రీకు, భారతదేశం మొహం చూడకుండానే భారతదేశం మీద రాసిన పుస్తకంలో దీన్ని ఎక్కించాడు. పేరుకు పాత పారశీకంలో 'మనిషిని తినేది' అని అర్థం. క్రీ.శ. 2వ శతాబ్దంలోనే గ్రీకు యాత్రికుడు పౌసానియస్ ఇది పులే అయి ఉంటుందని తేల్చేశాడు. ఇంత చరిత్ర ఉన్నా, కథలోకి తెచ్చాక దాంతో చేయగలిగింది ఒక్కటే, కొట్లాట. అది చావాలి, లేదా మనం చావాలి.

భేతాళుడి దగ్గర ఆ వరస నడవదు. సోమదేవుడు 11వ శతాబ్దంలో కూర్చిన కథాసరిత్సాగరంలో ఉన్న ఆ కథలు మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి వాటి పనితనం మన కళ్లకు ఆనదు. శవాన్ని మోసే రాజు మాట్లాడకూడదు. మాట్లాడితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. కానీ జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. అంటే రాజుకు అతని తెలివే అడ్డం. కత్తి ఎంత పదునైనా దండగ. భేతాళుడికి కోరలున్నాయా లేవా అంటే మనం తడుముకుంటాం. ఆ షరతు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాం.

షీట్‌లో రూపం, శక్తి గడులు చెరిపేశాను. బలహీనత గడికి 'షరతు' అని పేరు మార్చాను. పక్కన ఇంకో రెండు చేర్చాను. ఈ జీవి ఏ భయం నుంచి పుట్టింది? షరతు తప్పితే బిల్లు ఎవరు కడతారు?

భయం గడి నింపుతుంటే మొదటి దెబ్బ తగిలింది. స్కాట్లాండ్ కెల్పీ, జపాన్ కప్పా, ఇంగ్లండ్‌లో టీస్ నదిలో ఉండే పెగ్ పౌలర్, లాంకషైర్ చెరువుల జెన్నీ గ్రీన్‌టీత్, చెక్ వాళ్ల వొద్నీక్. ఐదూ నా నవల్లో ఉన్నాయి. ఐదింటి గడిలోనూ ఒకే వాక్యం పడింది: పిల్లలు నీళ్ల దగ్గరికి పోకూడదు. జెన్నీ అయితే ఇంచుమించు చెరువు మీద తెట్టులా పరుచుకునే పచ్చటి మొక్కే. గట్టి నేల అనుకుని పిల్లలు కాలు పెడతారని పెద్దవాళ్లు దానికి పళ్లూ గోళ్లూ పెట్టారు. ఒక్క ఉద్యోగానికి నేను ఐదుగురిని జీతానికి పెట్టుకున్నానన్నమాట.

ఒకరిని ఉంచి నలుగురిని పంపించేయాలి. నా మనసు కప్పా వైపే లాగింది. దాని నడినెత్తిన చిన్న గుంట ఉంటుంది, అందులో నీళ్లుంటాయి, దాని బలమంతా ఆ నీళ్లలోనే. మర్యాద తెలిసిన జీవి కాబట్టి మనం వంగి దండం పెడితే అదీ వంగుతుంది. నీళ్లు ఒలికిపోయి నీరసించిపోతుంది. ఎంత ముచ్చటగా ఉంది! కూర్చుని రాస్తే ఒకే సీను వచ్చింది. మా హీరోయిన్ వంగింది, అది వంగింది, అయిపోయింది. రెండోసారి వంగితే పాఠకుడు ఆవలిస్తాడు. ఇంకో సంగతి, ఆ వంగడం జపాన్ మర్యాదల్లో ఉంటేనే అందం. అక్కడి నుంచి పీకి తెచ్చి ఎవరూ వంగని నా ఊహాలోకంలో పెడితే అది చిట్కా అయిపోయింది.

వొద్నీక్ సంగతి వేరు. మునిగిపోయినవాళ్ల ప్రాణాలను నీళ్ల అడుగున మూత పెట్టిన కప్పుల్లో దాచుకుంటాడు. మూత తీస్తే ప్రాణం బుడగలా పైకి తేలిపోతుంది. ఇక్కడ గుట్టు తెలిసినంత మాత్రాన పని అయిపోదు. ఏ కప్పులో ఎవరున్నారు? ఒక్క మూత తీసే వ్యవధే ఉంటే ఎవరిది తీస్తాం? మన చెల్లెలి కోసం వెళ్లి పక్కింటివాళ్ల అబ్బాయి కప్పు చూసి, తీయకుండా వచ్చేస్తే రేపు వాళ్ల మొహం ఎలా చూస్తాం?

అప్పటి నుంచి షరతుల్ని రెండు రకాలుగా పిలుచుకుంటున్నాను: తాళంచెవి రకం, వడ్డీ రకం. రష్యా అడవుల్లో లేషీ దారి తప్పిస్తే బట్టలు తిరగేసి తొడుక్కోవాలి. అది తాళంచెవి. ఒకసారి తిప్పితే తలుపు తెరుచుకుంటుంది, అక్కడితో సరి. చిన్న కథకు చక్కగా సరిపోతుంది. నాలుగు పుస్తకాలు నడవాలంటే వడ్డీ రకమే కావాలి, కట్టినకొద్దీ ఇంకా బాకీ ఉండాలి. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం పెట్టుకున్న మాంత్రికుడు కూడా, ఎంత దూరం నడిపించినా, చివరికి తాళంచెవే. రష్యా కోషెయ్ ప్రాణం సూదిలో, ఆ సూది గుడ్డులో, ఆ గుడ్డు బాతులో, ఆ బాతు కుందేలులో ఉంటుంది. తాళం మీద తాళం వేసుకున్నాడంతే. (ఇలాంటి పోలికలు వెతకడానికి, జానపద కథల్లోని అంశాలకు నంబర్లు వేసి పేర్చిన స్టిత్ థాంప్సన్ మోటిఫ్ ఇండెక్స్‌ను మించింది నాకు దొరకలేదు. ఒంటి బయట దాచిన ప్రాణం అందులో ఈ710 కింద ఉంటుంది. తెరిస్తే ఆ పూట రాయడం మాత్రం మానేసుకోవాల్సిందే.)

పచ్చిరౌతు

ఈ కేసులో నాకు ఎక్కువ నేర్పింది ఆర్క్నీ దీవుల నకలావీ. స్కాట్లాండ్‌కు ఉత్తరాన సముద్రంలో ఉన్న ఆ దీవుల్లో 19వ శతాబ్దంలో వాల్టర్ ట్రైల్ డెనిసన్ అనే ఆయన దీని గురించి జనం నోట విని రాసిపెట్టాడు. కింద గుర్రం. దాని వీపులోంచే మొలిచిన మనిషి, నేలను తాకేంత పొడుగు చేతులు. ఒంటి మీద తోలు ఉండదు. పచ్చి మాంసం, పసుపుపచ్చటి నరాల్లో నల్లటి నెత్తురు కదలడం పైకే కనిపిస్తుంది. ఊపిరి తగిలితే పంట మాడిపోతుంది, పశువులు జబ్బు పడతాయి.

మొదటి డ్రాఫ్ట్‌లో ఈ వర్ణన మొత్తం దించేశాను, పేజీన్నర. సగం చదివి ఆపేసిన పాపం అది. తిరగరాసేటప్పుడు మిగతా సగం చదివాను.

దానికి మంచినీళ్లు పడవు. వాన పడుతుంటే బయటికి రాదు, పారే వాగు దాటలేదు. డెనిసన్ రాసిన కథలో టామస్ అనే అతను చుక్కల వెలుగులో ఒక పక్క సముద్రం, ఇంకో పక్క మంచినీటి సరస్సు ఉన్న దారిన వస్తుంటే ఇది ఎదురుపడుతుంది. తప్పుకునే గాభరాలో అతని కాలు సరస్సులో పడి నీళ్లు చిందితే బెదిరి పక్కకు జరుగుతుంది. అతను పరుగెత్తి వాగు దాటి అవతల పడతాడు. దాని చేతిలో అతని టోపీ మాత్రం మిగులుతుంది.

రెండో సంగతి పొగ. ఆ దీవుల్లో సముద్రపు నాచును కాల్చి, ఆ బూడిద నుంచి గాజుకూ సబ్బుకూ పనికొచ్చే సోడా, పొటాష్ తీసేవారు. ఈ పని అక్కడ 1722లో స్ట్రాన్సే అనే దీవిలో మొదలైంది. ఆ పొగ వాసనకు నకలావీకి ఒళ్లు మండిపోయి స్ట్రాన్సే గుర్రాలకు మోర్టషీన్ అనే జబ్బు అంటించిందనీ, నాచు కాల్చిన మిగతా దీవులకూ అది పాకిందనీ చెప్పుకున్నారు.

ఇక్కడ మూడు రోజులు ఆగిపోయాను. కొత్త పరిశ్రమ వచ్చింది, దాంతో డబ్బూ పొగా వచ్చాయి, పశువులకు జబ్బొచ్చింది. జనం వీటన్నిటినీ కలిపి ఒకే ఒంట్లో పెట్టి కుట్టారు, తోలు మాత్రం తొడగలేదు. నేను ఇందులోంచి గుర్రాన్నీ నెత్తురునీ తీసుకుని, నాచు కాల్చే బట్టీని వదిలేశాను!

నా సిరీస్ ఒక నది సముద్రంలో కలిసే చోట జరుగుతుంది. బట్టీని కథలోకి తెచ్చి, దాని మీద బతికే కుటుంబాన్ని మా హీరోయిన్ కుటుంబం చేశాను. పాత డ్రాఫ్ట్‌లో జీవి మొదటిసారి కనిపించే చోటు ఇలా ఉండేది:

"పొగమంచును చీల్చుకుంటూ ఆ భయంకరాకారం ముందుకొచ్చింది. దాని ఒంటికన్ను నిప్పుకణికలా మండుతోంది. ఆమె కత్తి దూసింది."

ఇప్పుడు అదే అధ్యాయం ఇలా ఉంది:

"నాన్న బట్టీ ఆర్పలేదు. 'రేపు మబ్బు పడుతుందిలే' అన్నాడు. నిన్నా అదే అన్నాడు. పాకలో ఎర్రావు మూడో రోజు కూడా గడ్డి ముట్టలేదు. బిందెలో మిగిలిన మంచినీళ్లు తాగడానికి ఉంచాలా, గుమ్మం ముందు పోయాలా అని అమ్మ చూస్తూ నిలబడింది."

ఇందులో జీవి కనపడనే కనపడదు. కరువు ఏడు కాబట్టి వాన లేదు. వాన లేదు కాబట్టి అది రాగలదు. బట్టీ ఆపితే తిండి లేదు, ఆపకపోతే దానికి కోపం. ఇదంతా నా తెలివి కాదు, ఆ దీవులవాళ్లు పెట్టిన రెండు షరతులు పక్కపక్కన చేరితే కథ దానంతట అదే అల్లుకుంది. ఎడిటర్ గారు ఈ అధ్యాయం చదివి "ఆ బిందె దగ్గర నాకు టెన్షన్ మొదలైంది" అన్నారు. పేజీన్నర వర్ణన ఐదు వాక్యాలకు తగ్గింది.

పేరు గురించి కాస్త. నకలావీ అని రాస్తే ఆర్క్నీ గాలి, ఆర్క్నీ యాస వెంట వస్తాయి. నా ఊహాలోకంలో ఆర్క్నీ లేదు. అందుకని 'పచ్చిరౌతు' అని పెట్టుకున్నాను, పచ్చిపుండులో పచ్చి. ఎవరి సొత్తో పుస్తకం చివర్లో ముందుమాటంత పొడుగున చెప్పాను. వొద్నీక్‌కు కూడా ఇలాగే వేరే పేరు పెట్టాను. పేరు మారిస్తే దొంగతనం అంటారేమోనని భయపడ్డాను గానీ, పేరు ఉంచేసి షరతు మార్చడమే అసలు దొంగతనమని ఇప్పుడు అనిపిస్తుంది.

సీల్ తోలు ఎవరి చేతిలో ఉంది

అదే ఉత్తర దీవుల సెల్కీ రెండో పుస్తకానికి మూలం. సముద్రంలో సీల్, ఒడ్డున తోలు విప్పితే ఆడమనిషి. ఒకడు ఆ తోలు దాచేసి ఆమెను పెళ్లి చేసుకుంటాడు. ఏళ్లు గడిచాక తోలు దొరుకుతుంది, ఆమె మొగుణ్ణీ పిల్లల్నీ వదిలి సముద్రంలోకి వెళ్లిపోతుంది. చీర దాచి దేవకన్యను పెళ్లాడిన కథలు విన్న మనకు ఇది కొత్తేమీ కాదు. నేను దీన్ని విషాద ప్రేమకథగా రాశాను. చదివిన నలుగురిలో ఒక అమ్మాయి మార్జిన్‌లో ఒకే ముక్క రాసింది: "అంకుల్, ఇది ప్రేమ కాదు, కిడ్నాప్."

నిజమే. కానీ మొగుడి మీద కేసు పెట్టినట్టు రాసినా పుస్తకం పండదు. మళ్లీ షరతు గడి చూశాను. షరతు తప్పితే బిల్లు ఎవరు కడతారు? చాలా కథనాల్లో తోలును కనిపెట్టేది పిల్లలే. అటకమీదో, గడ్డివామిలోనో మెత్తగా ఏదో దొరికితే ఏమీ తెలియక తెచ్చి అమ్మకు చూపిస్తారు. మంచి పనే చేశామనుకుంటారు. తల్లి ఆ రాత్రే వెళ్లిపోతుంది. రెండో పుస్తకం మొత్తం ఆ పిల్లాడి నోట చెప్పించాను. అతనికి ఇప్పుడు ముప్ఫై ఏళ్లు. అది చూపించకుండా ఉంటే ఏమయ్యేదో అతనికి తెలుసు, చూపించడమే న్యాయమనీ తెలుసు. 290 పేజీలు రాసినా ఆ వడ్డీ ఇంకా తీరలేదు.

తీసేసినవి

చాలావాటిని చప్పున తీసేశాను, బెంగ కూడా పడలేదు. రెండు మాత్రం ఆలోచించి తీశాను.

ఒకటి వెండిగో. ఉత్తర అమెరికాలో క్రీ, ఒజిబ్వే వంటి ఆల్గాంక్వియన్ భాషల ప్రజలది. చలికాలపు కరువులో మనిషి మాంసం తిన్నవాడు అలా మారతాడు. తిన్నకొద్దీ ఒళ్లు పెరుగుతుంది, ఒంటితోపాటు ఆకలీ పెరుగుతుంది, ఎప్పటికీ నిండదు. ఒజిబ్వే రచయిత బాసిల్ జాన్‌స్టన్ వర్ణనలో అది ఎముకలకు తోలంటుకున్న బక్కప్రాణి. నా డ్రాఫ్ట్‌లో దానికి దుప్పి కొమ్ములున్నాయి. అవి సినిమాలూ వీడియో గేములూ తగిలించినవని తర్వాత తెలిసింది. అంటే నేను జానపదం అనుకుని వాడింది పోస్టర్‌ను. పైగా అది ఆ జనం నిజంగా పడ్డ ఆకలికీ, పక్కవాడి నోటికాడ కూడు లాక్కునే దురాశకూ పెట్టిన పేరు. దాని బరువు మోసే చోటు నా కథలో లేదు. నాకు కావాల్సింది నిండని ఆకలి ఒక్కటే. అది మన ప్రేతాల్లోనే ఉంది. గరుడ పురాణంలో సూచీముఖుడనే ప్రేతం పేరే చెబుతుంది, సూది మొనంత నోరని. బౌద్ధుల ప్రేతాలకు కొండంత పొట్ట, సూది బెజ్జమంత గొంతు. మూడో పుస్తకంలో సుంకాల అధికారికి ఆ గొంతు ఇచ్చాను.

రెండోది అమెరికా ఆదివాసులైన నవాహో వాళ్ల స్కిన్‌వాకర్, జంతువు రూపంలోకి మారే మంత్రగాడు. బయటివాళ్లతో దాని ఊసెత్తడమే వాళ్లలో చాలామందికి ఇష్టం ఉండదు. నాకు దొరికిందంతా బయటివాళ్లు రాసిందే, సరిచూసుకునే దారి లేదు. ఇలాంటిచోట మంచితనం సంగతి పక్కనపెట్టి పనివాడిగా ఆలోచించినా వదిలేయడమే మేలు. షరతు ఖాయంగా తెలియని జీవి మీద సిరీస్ కడితే ఇసుక మీద కట్టినట్టే.

ఇంకొకటి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కళ్లన్నీ కొమ్మల్లా మొలిచి గాల్లో తేలే గుండ్రటి తలకాయను గ్రీకు పురాణాల్లోది అనుకుని రాశాను. ఎక్కడ చదివానో గుర్తులేదు. అది 1975లో ఒక టేబుల్‌టాప్ గేమ్ కోసం కల్పించిన బిహోల్డర్. జానపదం అందరిదీ, కానీ దాని పక్కనే కంపెనీల జీవులూ ఏమీ ఎరగనట్టు తిరుగుతుంటాయి. అచ్చుకు ముందు ఎడిటర్ పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ప్రతి షరతు పక్కనా అది మొదట ఎప్పుడు కనిపించిందో రాసుకుంటున్నాను. అలా రాస్తుంటేనే తెలిసింది, ఎండ తగిలితే రక్తపిశాచి చావడం కూడా పాత నమ్మకం కాదని. 1897 నాటి నవలలో డ్రాకులా పగలే బజార్లో తిరుగుతాడు. ఎండకు చంపింది 1922లో వచ్చిన మూకీ సినిమా.

కాలువ దాటిన తప్పు

మూడో పుస్తకం చివరి తరుముడు సీను రాసి రెండు వారాలు సంబరపడ్డాను. పచ్చిరౌతు వెంటపడుతుంది, మా వాళ్లు కాలువలో దూకి ఈదుతారు, అది కూడా దూకి వెంట వస్తుంది. సెల్కీ పుస్తకానికి కిడ్నాప్ అని రాసిన అమ్మాయే ఈసారి ఫోన్ చేసింది.

"అంకుల్, కాలువలో మంచినీళ్లు కదా? అదెలా దిగింది?"

షీట్ చూసుకున్నాను. షరతు నేనే రాసుకున్నాను, నేనే మర్చిపోయాను. సీను తీసేస్తే చివరి 40 పేజీలు కూలిపోతాయి. షరతు సడలిస్తే మొదటి పుస్తకంలో అమ్మ బిందె అబద్ధమైపోతుంది. 'ఈసారి దానికి శక్తి పెరిగింది' అనే వాక్యం టైప్ చేసి, చదివి, చెరిపేశాను. ఆ వాక్యం రాసిన రోజున సిరీస్ చచ్చినట్టే.

జవాబు నదిలోనే దొరికింది. పై నుంచి నీళ్లు తగ్గితే పోటు సమయంలో సముద్రం నదిలోకి ఎక్కుతుంది. కాలువలు ఉప్పుబారతాయి. నా కథలో అది మూడో కరువు ఏడు. అందుకని 60 పేజీల ముందే కాలువ గట్టున అరటిచెట్ల ఆకులు పసుపుబారుతున్నాయని రాశాను. ఆ తర్వాత ఒక ముసలామె కాలువ నీళ్లతో గంజి కాచి, రుచి చూసి, "ఉప్పేశావా?" అని కోడల్ని అడుగుతుంది. కోడలు వేయలేదంటుంది. పాఠకుడు దాన్ని అత్తాకోడళ్ల గిల్లికజ్జా అనుకుని దాటిపోతాడు. చివర్లో పచ్చిరౌతు కాలువ గట్టున ఆగుతుంది, చెయ్యి చాచి నీళ్లను తాకుతుంది, వెనక్కి తీసుకోదు. అది తల ఎత్తేలోపే మా హీరోయిన్‌కు గంజి గుర్తొస్తుంది.

షరతు అక్షరం కూడా మారలేదు. కింద నీళ్లు మారాయి.

ఇప్పుడు షీట్‌లో ఆరు వరసలు మిగిలాయి. ఐదింటి సంగతి చెప్పాను. ఆరోది నాలుగో పుస్తకంలో వస్తుంది కాబట్టి ఇక్కడ నోరు కట్టేసుకుంటున్నాను. ఆ పుస్తకానికి మొదటి అధ్యాయం ఇంకా కుదరలేదు. నాలుగు రకాలుగా మొదలుపెట్టి పక్కన పెట్టాను. నిన్న పాత నోట్స్ తిరగేస్తుంటే టామస్ కథ మళ్లీ కనిపించింది. అతను వాగు దాటి బతికిపోయాడు, సరే. టోపీ అవతలే ఉండిపోయింది, దాని చేతిలో. అది ఆ టోపీని ఏం చేసిందో ఆర్క్నీ వాళ్లు చెప్పలేదు.